తూర్పు అంకణం

ఉదయం ఐదూ పదికి మా అమ్మ వాకిట్లో ఇసుక జల్లించడం మొదలుపెట్టింది. ఆ వేళ నాకు అంత సరిగ్గా తెలియడానికి కారణం అన్న చేతిగడియారం. ముందురోజు సాయంత్రం నెల్లూరు వెళుతూ దాన్ని విప్పి నాకిచ్చాడు. కాంక్రీటు మొదటి తట్ట పడిన నిమిషం చూసి చెప్పమన్నాడు. అంతకుముందు నేను గడియారం కట్టుకుని ఎరగను. నిద్ర లేచిన దగ్గర్నుంచి దాన్నే చూసుకుంటున్నాను.

అన్న పోయి పదకొండు నెలలైంది. ఆయన గురించి రాయమని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు అడిగారు. వాళ్ళకు కావలసింది ఆర్కిటెక్చర్ ప్రొఫెసరు గురించి. ఆయన చదివిన చదువు, కట్టించిన కట్టడాలు, పాఠం చెప్పిన తీరు నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. నాకు తెలిసింది ఒక గుడి కప్పు సంగతి. అది ఆయన సొంతంగా గీసి, దగ్గరుండి వేయించిన మొదటి కప్పు. అది పాడైనప్పుడు ఆయన ఊరికి ఒక అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధం చెప్పవలసి రావడానికి కారణం నేను.

మా ఊరు అల్లూరుకు తూర్పున ఉంది. వరి మళ్ళు అయిపోయి ఇసుక నేల మొదలయ్యే చోట. సముద్రం అక్కడికి రెండు మైళ్ళు లేదు. ఊరికంతా మంచినీళ్ళ బావి ఒకటే, పడమటి చేల వైపు. ఇళ్ళ దగ్గరి బావుల్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. గిన్నెలు తోమడానికి, బట్టలు ఉతకడానికి అవే. మా నాన్న ఆ ఊళ్లో మిషను బడి పంతులు. అన్న మద్రాసులో ఇంజనీరింగు చదువుతుండగా నాన్న పోయాడు. అన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదువు ముగించి, నెల్లూరులో ప్రభుత్వ కట్టడాల శాఖలో ఇంజనీరుగా చేరాడు. నాకన్నా పదమూడేళ్ళు పెద్ద. నేను మాట్లాడే సంవత్సరం, అంటే యాభైల చివర్లో, నాకు ఇరవై రెండేళ్ళు. కావలిలో టీచరుగా చేస్తున్నాను. వేసవి సెలవులకు ఇంటికి వచ్చాను.

మా సంఘం ప్రార్థనకు అప్పటిదాకా తాటాకు పాక ఉండేది. ఒక తుపానుకు అది లేచిపోయింది. కొత్తగా గోడల గుడి కట్టుకోవాలని, దానిమీద కాంక్రీటు కప్పు వేయాలని పెద్దలు అనుకున్నారు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం పొయ్యబోయేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. అది దేవుడి పాలు, అంటే దేవుడి వాటా. ఆదివారం నాడు గుడికి తెచ్చి పోస్తారు. గోడలు లేచింది ఆ బియ్యంతోనే. కప్పు మాత్రం నెల్లూరు కాంట్రాక్టరుకు ఇద్దామని కొందరన్నారు. సంఘపెద్ద ఒప్పుకోలేదు. ‘మన బిడ్డ ఇంజనీరై ఉండంగా పరాయోడెందుకు?’ అన్నాడు. అమ్మ ఆ మాటను నెలరోజులు చెప్పుకుంది.

అన్న జీతం లేకుండా చేశాడు. సెలవురోజు వచ్చినప్పుడల్లా గోడల మీద ఎక్కి కొలిచేవాడు. హాలుకు అడ్డంగా రెండు దూలాలు వేసి, మూడు అంకణాలుగా విడదీశాడు. ప్రసంగ పీఠం ఉండేది తూర్పు అంకణం కింద. ఇసుక కోసం పెన్నకు బండ్లు పంపించాడు. దగ్గర్లో ఇంత ఇసుక పెట్టుకుని అంత దూరం నుంచి తెప్పించడమేమిటని బండివాళ్ళు కూడా నవ్వారు. అన్న వాళ్ళకు ఓపికగా చెప్పాడు. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, ఉప్పు లోపలి ఇనుప కడ్డీని తింటుంది, కడ్డీ తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది. ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్టు మీద గానీ దొరికేది కాదు. ఆఖరి బస్తాల కోసం ముందురోజు సాయంత్రం ఆయన నెల్లూరు వెళ్ళవలసి వచ్చింది.

“నేనొచ్చేదాకా ఆపొద్దు పాపా. ఎండెక్కితే కష్టం. పొద్దున్నే మొదలుపెట్టించు,” అన్నాడు. “కంకర నాలుగు పెట్టెలు, ఇసుక రెండు, సిమెంటు ఒకటి. నువ్వు నిలబడి లెక్కపెట్టు. పెన్న ఇసుక తప్ప ఇంకేదీ దాంట్లో పడకూడదు.”

“మేస్త్రీకి తెలీదా?”

“తెలుసు. అయినా నువ్వుండు.”

అందుకని తెల్లవారుజామునే లేచి బయల్దేరుతుంటే, అమ్మ వాకిట్లో జల్లెడ పట్టుకుని కూర్చుని ఉంది.

మా వైపు వాకిట్లో సముద్రం ఒడ్డు దిబ్బల నుంచి తెచ్చిన తెల్ల ఇసుక పరుస్తారు. పండక్కీ పెళ్ళికీ కొత్తది పోస్తారు. ఎవరి వాకిట్లో ఇసుక ఎంత తెల్లగా ఉంటే ఆ ఇల్లాలికి అంత పేరు.

“ఏందమ్మా ఇప్పుడు ఇసుక జల్లిస్తుండావు?”

“గుడికి తీసకపోవద్దా? పుల్లా పుడకా ఉంటే నలుగురూ నవ్వరూ, ఇంజనీరు ఇంట్లో ఇసుక ఇట్టా ఉండాదని.”

“అన్న పెన్న ఇసుక తెప్పించినాడు గదా. గుట్టలు పోసుంది.”

“అది బండోళ్ళు తెచ్చింది. మనం తెచ్చిందేదీ?” అంది అమ్మ జల్లెడ మీంచి తల ఎత్తకుండా. “పిడికెడు బియ్యం పోస్తే అది యాడికి పోయిందో, ఏ బస్తా సిమెంటైందో మనకేం తెలుసు? ఇంటికో తట్ట ఇసుక. మన చేత్తో తెచ్చి మన కళ్ళ ముందర పడాల.”

ఇది సంఘంలో ఆడవాళ్ళు ముందే అనుకున్న మాట. మాకు చెప్పలేదు. చెప్పాలని వాళ్ళకు తోచి ఉండదు. దేవుడికి ఇచ్చేదాన్ని ఇంజనీరును అడిగి ఇస్తారా?

నేను గుడి దగ్గరికి చేరేసరికి సంఘంలోని ఆడవాళ్ళందరూ వరసగా వస్తున్నారు. నలభై ఇళ్ళు ఉంటాయి. అందరి తలల మీదా తట్టలు. తట్టల్లో ఇసుక పిండి మాదిరి ఉంది. కొందరు దాన్ని ఇంటి బావుల నీళ్ళతో కడిగి ఆరబెట్టారు కూడా. మా పక్కింటి టైలరు భార్య, నేను అక్కా అని పిలిచే ఆమె, అమ్మ తట్టలోకి తొంగి చూసింది.

“అత్తా, ఇది గుడి కప్పులోకా, పాయసంలోకా?”

“నీది తక్కువనా? నిన్నంతా నీళ్ళు తోడి కడిగినావంట గదా. మొగుడికి మొహం కడుక్కోను నీళ్ళు లేవంట.”

“ఆయనకు నీళ్ళెందుకత్తా. ఎట్టా మూణ్ణాళ్ళకోతూరి కడుక్కునే మొహమే గదా,” అంది అక్క. ఆడవాళ్ళందరూ తట్టలు పట్టుకుని నవ్వారు. అంత సంతోషంగా వాళ్ళందరినీ ఒకేచోట నేను మళ్ళీ చూడలేదు.

పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. ఆయన కళ్ళు మూసుకుని ఉండగా మేస్త్రీ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయన అల్లూరు మనిషి. నలభై ఏళ్ళు సున్నం పని చేసినవాడు. ముందున్న తట్టలోంచి రెండు వేళ్ళతో ఇసుక తీసి నాలిక మీద వేసుకున్నాడు. పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

“ఉప్పుందమ్మా,” అన్నాడు మెల్లగా.

“చాలా ఉందా?”

“ఉంది. మీ అన్న వద్దన్నాడే.”

ఆయనే మళ్ళీ అన్నాడు. “ఆ గోడ పక్క కుప్ప పోయమని చెప్పండి. వీళ్ళు పోయినాక నేను ఎత్తిపోయిస్తా. ఎవరికీ తెలవదు.”

అది మంచి ఉపాయం. ప్రార్థన కాగానే అమ్మకు చెప్పాను, తట్టలు గోడ పక్కన దించమని. అమ్మ ఒప్పుకోలేదు.

“ఆ పక్క పోసి పోయేదానికి ఇంత దూరం మోసుకొచ్చినామా? కలపండి మేస్త్రీ. మేం చూసి పోతాం.”

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. నాన్న పోయినప్పటినుంచి అమ్మ తెల్లచీర కట్టేది. ఆ రోజు మడత విప్పిన కొత్తది కట్టుకుంది. తలమీద తట్ట బరువుకు మెడ నరాలు కనిపిస్తున్నాయి. వెనక నలభై మంది. వాళ్ళతో నేను ఏం చెప్పాలి? మీరు తెచ్చింది పనికిరాదని చెప్పాలి. అదొక్కటే చెప్పవలసింది. తెలుగులో చిన్న మాట.

“ఇంటికో తట్టేగా,” అన్నాను మేస్త్రీతో. “కలపండి.”

“అన్న అడిగితే?”

“నేను చెబుతా.”

అమ్మ తట్ట అన్నిటికన్నా ముందు పడింది. ఆరూ పాతిక. పని తూర్పు నుంచి మొదలుపెట్టారు. ఆడవాళ్ళు తెచ్చిన ఇసుకంతా తూర్పు అంకణంలోకే వెళ్ళింది. అది అయిపోయాక పెన్న ఇసుక గుట్టను విప్పారు.

ఎనిమిదీ నలభైకి అన్న సిమెంటు బండి మీద వచ్చాడు. బండి ఆగకముందే దూకి నిచ్చెన ఎక్కాడు. పైనుంచే అడిగాడు.

“పాపా, మొదటి తట్ట ఎప్పుడు?”

“ఆరూ పాతికకు.”

జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఖాళీ తట్టలు పట్టుకుని ఆడవాళ్ళు ఇంకా నీడన నిలబడి ఉన్నారు. అమ్మ పైకి చూసి గట్టిగా చెప్పింది.

“అబ్బయ్యా, మేమూ ఒక చెయ్యి వేసినాం.”

“మంచిదమ్మా,” అన్నాడు అన్న. తట్టలు అందించారని అనుకున్నాడు. ఆ రోజుల్లో శ్రమదానం మామూలే.

ఆ నిమిషంలో నేను నిచ్చెన ఎక్కి చెప్పి ఉండవచ్చు. అమ్మ అక్కడ లేకుండా చూసి చెబుదామనుకున్నాను. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు చెబుదామనుకున్నాను. అన్నం ఆయన నిలబడే తిన్నాడు. సాయంత్రానికి పని పూర్తయింది. అందరూ పాట పాడారు. అన్న చొక్కా అంతా సిమెంటు మరకలు. అంత అలసిన మొహంతో, అంత తృప్తితో ఉన్న మనిషికి చెప్పాలనిపించలేదు. మర్నాడు ఆయన తెల్లవారుజామునే నెల్లూరు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు కప్పు మీద మట్టితో చిన్న చిన్న మళ్ళు కట్టించి, మంచినీళ్ళ బావి నుంచి తెచ్చిన నీళ్ళు నిలబెట్టమన్నాడు. ఆడవాళ్ళు మూడు వారాలు మోశారు. ఉప్పునీళ్ళు ఒక్క బిందె కూడా పొయ్యలేదు. చెప్పి ఉంటే ఇసుక విషయంలోనూ అంతే శ్రద్ధగా ఉండేవాళ్ళు.

ఆ కప్పు తర్వాత మా ఊళ్లో అన్న మాటకు ఎదురు లేకపోయింది. సెలవుకు వస్తే చాలు, ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్ళు వచ్చి వాకిట్లో కూర్చునేవాళ్ళు. సంఘంవాళ్ళే కాదు, రైతులు కూడా. ఆయన పుల్ల తీసుకుని ఇసుకలో గీసి చూపేవాడు. వంటిల్లు ఎటు, గాలి ఎటు, దూడను కట్టేది ఎక్కడ. కాగితం మీద గీస్తే వాళ్ళకు ఇల్లు కనబడదని అనేవాడు. తాడుతో కొలిచి, మేకులు కొట్టి, సున్నంతో గీత పోసి ఇచ్చేవాడు. అమ్మ వాళ్ళందరికీ మజ్జిగ ఇచ్చేది.

ఉద్యోగం చేస్తూనే ఆయన ఆర్కిటెక్చర్ చదివాడు. అరవైల మొదట్లో ప్రభుత్వ ఉద్యోగం వదిలి హైదరాబాదులో ఒక కాలేజీలో పాఠం చెప్పడానికి చేరాడు. అమ్మకు అది నచ్చలేదు.

“ఇంజనీరై మళ్ళీ పంతులైనావా? మీ నాయన్ను దాటినావనుకుంటే.”

“ఆయన్ను దాటలేనులే అమ్మా,” అన్నాడు.

నాకు ఉత్తరాలు రాసేవాడు. పిల్లల చేత మొదటి సంవత్సరం ఏమీ గీయించనని, ఒక మామూలు ఇంట్లో తెల్లారిందగ్గర్నుంచి పొద్దుపోయేదాకా కూర్చుని, ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో రాసుకురమ్మంటానని రాశాడు. గొప్ప విషయాలేమీ రాసేవాడు కాదు. గుడి కప్పు ఎలా ఉందని మాత్రం ఎప్పుడూ అడిగేవాడు. బాగుందని రాసేదాన్ని.

ఆరేడేళ్ళకు తూర్పు అంకణం కింద ఎర్రటి చారలు వచ్చాయి. అన్నకు చెబితే బాధపడతాడని సంఘంవాళ్ళు సున్నం కొట్టారు. మళ్ళీ వానలకు చారలు వచ్చాయి. మళ్ళీ కొట్టారు. నేను ఆ సంగతి విన్నాను. అప్పుడు కూడా ఆయనకు రాయలేదు.

ఒక ఆదివారం ఆరాధన మధ్యలో చాటంత పెచ్చు ఊడి పడింది. పడింది పిల్లలు కూర్చునే చాప మీద. జల్లు కొడుతోందని ఆ రోజు పిల్లల్ని వెనక్కు కూర్చోబెట్టారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. పాస్టరు అయ్యగారు అన్నకు జాబు రాశారు. అన్న రైలు దిగి కావలికి వచ్చాడు. ఇద్దరం కలిసి ఊరికి వెళ్ళాం. ఆయన చేతిసంచిలో ఒక చిన్న సుత్తి ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా అది నా మోకాలికి తగిలేది.

గుడిలో బల్ల మీద బల్ల వేయించుకుని ఎక్కాడు. పడమటి అంకణం కింద సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. మధ్య అంకణం కూడా అంతే. తూర్పు అంకణం కుండ పగిలినట్టు పలికింది. దిగి, కింద పడిన పెచ్చును తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురులోకి వెళ్ళాడు. చాలాసేపు తిప్పి చూశాడు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూశాడు. తర్వాత పెన్సిలు చెక్కే కత్తితో దాంట్లోంచి ఏదో గీకి అరచేతిలో వేసుకున్నాడు. నేను దగ్గరికి వెళ్ళాను. మినపగింజంత గవ్వ. పెన్నలో అలాంటి గవ్వలుండవు.

ఆయన నా మొహం చూశాడు. నేను తల దించుకున్నాను. అంతే. గవ్వను చొక్కా జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం సంఘం కూడింది. ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. అమ్మ అందరికన్నా ముందు కూర్చుంది. సంఘపెద్ద మర్యాదగానే అడిగాడు.

“ఏం జరిగింది అబ్బయ్యా? సిమెంటు మంచిది కాదా? మేస్త్రీ ఏమన్నా చేసినాడా?”

మేస్త్రీ అప్పటికి బతికి లేడు. ఆయన పేరు చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. ఎవరూ అనుమానించేవాళ్ళు కాదు.

“మేస్త్రీది తప్పేం లేదు,” అన్నాడు అన్న. “సిమెంటు కూడా మంచిదే. కడ్డీ కిందపక్క కాంక్రీటు ఎంత మందం ఉండాలో నేను తక్కువ వేసినాను. ఉప్పుగాలి కడ్డీకి తగిలింది. లెక్క నాది. తప్పు నాదే.”

తర్వాత వెనకనుంచి ఎవరో మగమనిషి అన్నాడు, “నెల్లూరోడికి ఇచ్చుంటే పొయ్యేదే.” ఇంకెవరో, “కాలేజీలో ఇదేనా చెప్పేది?” అన్నారు. కొందరు నవ్వారు. అన్న నిలబడే ఉన్నాడు.

అమ్మ మాట్లాడుతుందని నేను అనుకోలేదు. మాట్లాడింది. పెద్దగా కాదు.

“మా తట్టలు కూడా దాంట్లోనే ఉండాయే అబ్బయ్యా.”

“ఉండాయమ్మా. నాకు తెలుసు,” అన్నాడు.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తాము ఇచ్చిన మంచి ఇసుకను కొడుకు లెక్క పాడుచేసిందని ఆమె దుఃఖం. నేను ఆమె వెనకే కూర్చుని ఉన్నాను. లేచి రెండు మాటలు చెబితే అన్న పేరు నిలిచేది. ఆ రెండు మాటలూ అమ్మ మీదా, ఆ నలభై మంది మీదా పడేవి. నా మీద కూడా పడేవి. ఈ మూడింటిలో ఏది నన్ను కూర్చోబెట్టిందో నిజాయితీగా చెప్పాలంటే, నాకు తెలియదు.

పొద్దువాలే వేళ అన్నా నేనూ కాలువ గట్టు దాకా నడిచాం. ఉప్పు బస్తాల పడవ ఒకటి తాళ్ళతో లాక్కుపోతున్నారు. అది దాటిపోయాక ఆయన అడిగాడు.

“మేస్త్రీ నీకు చెప్పినాడా?”

“చెప్పినాడు.”

“ఎప్పుడు?”

“కలపకముందే. వాళ్ళ కళ్ళ ముందరే కలపాలని అమ్మ పట్టుబట్టింది. నేను కాదనలేకపోయినాను.”

ఆయన తల ఊపాడు. “అది నేనైనా కాదనేవాణ్ణి కాదేమో,” అన్నాడు. నా గుండె కొంచెం తేలికపడబోయింది. అప్పుడు ఆయన అన్నాడు, “కానీ నేను వచ్చినాక చెప్పుంటే తీయించేసుందును పాపా. ఎనిమిదీ నలభైకి ఇంకా పచ్చిగానే ఉంది. పారతో తీసెయ్యొచ్చు. వాళ్ళు ఇంటికి పోయినాక తీసేసి మళ్ళీ పోసుందుము. వాళ్ళకు తెలిసేది కూడా కాదు.”

కోపంగా అనలేదు. పిల్లలకు బోర్డు మీద లెక్క చేసి చూపినట్టు చెప్పాడు. నేను ఏడిచాను. ఆయన వద్దనలేదు, ఓదార్చలేదు. “అమ్మ ఉన్నంతకాలం ఎవరితో అనొద్దు. ఆమెకు ఆ గుడిలో ఉన్నది ఆ తట్టొక్కటే,” అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి నడిచాం.

తూర్పు అంకణం ఒక్కటి తీసి మళ్ళీ వేస్తే చాలని, మిగతా రెండూ గట్టిగా ఉన్నాయని అన్న చెప్పాడు. తన సొంత ఖర్చుతో వేయిస్తానన్నాడు. సంఘం ఒప్పుకోలేదు. ఆయన లెక్క మీద వాళ్ళకు నమ్మకం పోయింది. పిల్లలు కూర్చునే చోటు కదా అన్నారు. మొత్తం పగలగొట్టి పెంకులు వేయాలని, ఆ పని నెల్లూరు కాంట్రాక్టరుకు ఇవ్వాలని తీర్మానించారు.

పగలగొట్టేటప్పుడు అన్న సెలవు పెట్టి ఉన్నాడు. ఉండవలసిన అవసరం లేదు. తూర్పు అంకణం ఒక పూటలో పడిపోయింది. మధ్యదీ పడమటిదీ రాలేదు. సమ్మెటలతో కొడితే నిప్పురవ్వలు లేచాయి. నలుగురు మనుషులు నాలుగు రోజులు కొట్టారు. రెండోరోజు కూలివాడొకడు సమ్మెట దించి, “ఎవరయ్యా ఇది పోసింది, మా ప్రాణం తీస్తుండాడు,” అన్నాడు. అన్న అక్కడే గోడ నీడన నిలబడి ఉన్నాడు. లోపలి కడ్డీలు బయటపడితే దగ్గరికి వెళ్ళి చూశాడు. వేసిన రోజు ఎంత నల్లగా ఉన్నాయో అంతే నల్లగా ఉన్నాయి. ఊరంతా చూస్తోంది. ఒకే లెక్క ప్రకారం వేసిన కప్పు ఒక పక్క అట్లా, ఇంకో పక్క ఇట్లా ఎందుకుందని ఒక్కరూ అడగలేదు.

అరవైల చివర్లో నేను ఒక శిక్షణ కోసం హైదరాబాదు వెళ్ళాను. ఒకరోజు ఆయన క్లాసులో వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆయన అప్పటికి ప్రొఫెసరు. జుట్టు నెరిసింది. తను వేసిన మొదటి కప్పు ఎనిమిదేళ్ళకు పడిందని చాలా మామూలుగా చెప్పాడు. పిల్లలు రాసుకోవడం ఆపి చూశారు. ఒక అబ్బాయి, “తప్పు ఎక్కడ జరిగింది సార్?” అని అడిగాడు.

“మొదటి తట్ట పడినప్పుడు నేను అక్కడ లేను,” అన్నాడు. “అది వాళ్ళ గుడి. ఇసుక నేను తెప్పించినాను, సిమెంటు నేను తెప్పించినాను. వాళ్ళు తేవడానికి ఏమీ మిగల్చలేదు. పెన్న ఇసుకే ఇంటికో తట్ట ముందురోజు పంచి పెట్టుంటే సరిపోయేది. నాకు తోచలేదు. మీరు ఎవరిదైనా కట్టేటప్పుడు ఆ సంగతి అడగండి.”

ఆ అబ్బాయికి అర్థమైనట్టు లేదు. ఆయన బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టాడు. నేను ఉన్నానని తెలిసీ నా వైపు చూడలేదు.

అమ్మ చాలాకాలం బతికింది. కొడుకు మంచివాడని, లెక్కల్లో మాత్రం కొంచెం తొందరపడతాడని ఎవరితోనో అంటుంటే ఒకసారి విన్నాను. అమ్మ పోయాక కూడా అన్న ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇద్దరికీ అలవాటైపోయింది.

అన్న పోయిన నెలకు నేను ఊరికి వెళ్ళాను. ఆ రోజు తట్ట మోసినవాళ్ళలో మిగిలింది టైలరు భార్య ఒక్కతే. పళ్ళు లేవు. చూపు బాగానే ఉంది. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. నేను చెప్పడానికే వెళ్ళాను కాబట్టి ఆలస్యం చేయలేదు.

“అక్కా, ఆ కప్పు పాడైంది మనం తెచ్చిన ఇసుకతో. దాంట్లో ఉప్పుంది. అన్న లెక్క తప్పు కాదు.”

“ఎవురు చెప్పినారు నీకు?”

“మేస్త్రీ ఆ పొద్దే చెప్పినాడు. నేనే కలపమన్నాను.”

ఆమె నా చెయ్యి పట్టుకుని నవ్వింది. “చచ్చిపోయినోడి తప్పు నెత్తినేసుకుంటుండావా తల్లా? చెల్లెలంటే అట్టుండాల.”

“కాదక్కా, నిజం.”

“మేం జల్లించి, కడిగి, ఎండబెట్టి తెచ్చిన ఇసుక అది. ఒక పుల్ల లేదు దాంట్లో,” అంది. “మీ అన్న మంచోడు. నాతో చెప్పుకోని రోజు లేదు మీ అమ్మ. లెక్క తప్పింది, ఏం చేస్తాడు పాపం.”

ఇంకోసారి చెప్పాను. ఆమె వినడం మానేసి కాఫీ పెట్టమని కోడలికి కేక వేసింది. కాఫీ తాగి వచ్చేశాను.

మా ఇంటి అరుగు అలాగే ఉంది. దానిమీద కూర్చుని బస్సు వేళ దాకా ఉన్నాను. ఎదురు వీధిలో ఎవరో ఇల్లు కడుతున్నారు. కొలతలు అల్లూరు నుంచి వచ్చిన మనిషి వేస్తున్నాడు. కప్పు పగలగొట్టిన సంవత్సరం తర్వాత అన్న ఎన్నో సెలవులకు ఊరికి వచ్చాడు, ఎన్నో సాయంత్రాలు ఇదే అరుగు మీద కూర్చున్నాడు. ఇల్లు కట్టుకునేవాళ్ళు మాత్రం మా ఇంటికి కొలతలకు రావడం మానేశారు.